హనుమయ్య ముఖం మీద వెలుగు

లైటు అద్దం తుడవటంతోనే హనుమయ్యకు తెల్లవారుతుంది. ఆ రోజూ అలాగే తెల్లవారింది. వాకిట్లో స్టూలు మీద కూర్చుని, పాత పంచె చింపిన మెత్తటి గుడ్డతో అద్దాన్ని గుండ్రంగా తుడిచి, నోటి ఆవిరి ఊది, మళ్ళీ తుడిచాడు. తర్వాత లైటు తగిలించే కర్ర మరలు ఒక్కొక్కటే బిగించి చూశాడు. తిరువూరులో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే ఒక స్టూడియోలో ఆయన ముప్పై రెండేళ్ళుగా లైటు పట్టుకునే మనిషి. వైరు లాక్కుంటూ తిరిగే లైటు పోయి బ్యాటరీ లైటు వచ్చింది. స్టూడియో పెట్టినాయన పోయి కొడుకు శశాంక్ వచ్చాడు. పట్టుకునే చెయ్యి మాత్రం మారలేదు. ఊళ్ళో హనుమయ్య అంటే ఏ హనుమయ్య అని అడుగుతారు. లైటు హనుమయ్య అంటే ఎవరూ అడగరు.

సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్ళు ఎత్తు. పాతకాలపు లైట్ల సెగకు ఎడమ చెంప కాస్త కమిలి, ముఖం రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఆ నెలలో ఎడమ చెయ్యి మరీ లాగుతోంది. లైటు చెయ్యి కదా, లాగక ఏం చేస్తుందని కొబ్బరినూనె రాసి ఊరుకున్నాడు.

అయితే ఆ రోజు చేతులు లైటు మీద ఉన్నా ప్రాణమంతా గోడ గూట్లో ఉంది. గూట్లో, భార్య సరోజినీదేవి కుంకుమ భరిణె పక్కన, నాలుగు కాళ్ళూ మడుచుకుని ఒక చిన్న డ్రోను కూర్చుని ఉంది. ఎత్తితే అప్పడాల కర్రంత బరువు కూడా ఉండదు. ముక్కు దగ్గర బఠాణీ గింజంత కెమెరా. దాని మూడు బ్యాటరీలూ, స్టూడియో లైటు బ్యాటరీలూ ఒకే ప్లగ్గుబోర్డుకు వేలాడుతూ రాత్రంతా చార్జింగులో ఉన్నాయి. ఆకుపచ్చ దీపాలు వెలిగాయా లేదా అని హనుమయ్య వేకువన రెండుసార్లు లేచి చూశాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఇలా లేచి చూడటమేమిటని ఆయనకే నవ్వొచ్చింది. నవ్వొచ్చినా మూడోసారి కూడా లేచాడు.

నిరుడు రెడ్డిగూడెంలో ఒక పెళ్ళికి విజయవాడ నుంచి డానీ అనే కుర్రవాడు పెద్ద డ్రోను తెచ్చి ఎగరేశాడు. లైటు పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయి, హనుమయ్య నోరు తెరుచుకుని పైకి చూశాడు. పెళ్ళికొడుకు ముఖం మీద ఉండాల్సిన వెలుగు పందిరి గుంజ మీదకు పోయింది. ముప్పై రెండేళ్ళలో ఆయన చేసిన తప్పు అదొక్కటే. ఆ నాటి నుంచి కూతురు పూజితకు ఫోను చేసిన ప్రతిసారీ అదే మాట: అది గాల్లో ఎలా నిలబడుతుందమ్మా, పక్కకు ఎలా జరుగుతుందమ్మా, మామిడితోట పైనుంచి ఎలా ఉంటుందమ్మా. పూజిత విజయవాడలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. నెలనెలా ఇవే ప్రశ్నలు విని విని, ఒకరోజు ఏమీ చెప్పకుండా బస్సు పార్సిల్లో అట్టపెట్టె పంపించింది. సరదాకి ఎగరేసుకునే రకమనీ, చిన్నదనీ, జనం మీద ఎగరేయొద్దనీ, ఎక్కువ ఎత్తుకు పోనివ్వొద్దనీ ఫోనులో నాలుగు జాగ్రత్తలు చెప్పింది. బస్టాండు నుంచి ఇంటిదాకా హనుమయ్య ఆ పెట్టెను రెండు చేతులా పట్టుకుని నడిచాడు. ఆటో ఎక్కితే కుదుపులకు ఏమవుతుందోనని భయం.

సరోజిని దానికి వెంటనే పూజ పెట్టింది. కొత్త బండి కొంటే పూజ చేయకుండా వీధిలోకి తీయరు కదా. నేల మీద నడిచినా గాల్లో ఎగిరినా బండి బండే అంది. నిమ్మకాయలు ఏ చక్రాల కింద పెట్టాలో తెలియక నాలుగు రెక్కల కింద నాలుగు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, పసుపు తడిపి, వీపు మీద బొట్టు పెట్టబోతే అక్కడ గాలి పోయే సన్నటి చీలికలున్నాయి. తిరగేసి చూస్తే పొట్ట కింద రెండు గుండ్రటి గాజుబిళ్ళలు, బొట్టు పెట్టడానికే చేసిపెట్టినట్టు కనిపించాయి. చెరోదానికీ నిండుగా పసుపు అద్ది, మధ్యలో కుంకుమ పెట్టింది. హనుమయ్య దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే లైటు అద్దంతోపాటు డ్రోనునూ తుడిచేవాడు. పూజ బొట్లు చెరపకూడదని ఆ రెండింటినీ తాకకుండా చుట్టూ తుడిచేవాడు.

మూడు వారాల్లో మూడుసార్లు ఎగరేస్తే మూడుసార్లూ పడింది. మొదట ముందుగదిలో లేపాడు. లేచిన చోట నిలబడకుండా తాగినవాడిలా పక్కకు జరిగి, గోడ క్యాలెండరును చించుకుంటూ వచ్చి మంచం కింద దూరింది. రెండోసారి మేడ మీద లేపితే సరోజిని ఎండబెట్టిన గుమ్మడి వడియాల మధ్య దిగబడింది. మూడోసారి పైకి బాగానే వెళ్ళింది గానీ కిందికి రమ్మంటే నేలకు జానెడెత్తులో ఆగి ఊగిసలాడి, చివరికి పక్కింటివాళ్ళ రేకుల కప్పు మీద పెద్ద చప్పుడుతో పడింది. ప్రతిసారీ ఫోను తెర మీద ఒక పట్టీలో ఇంగ్లీషు అక్షరాలేవో వచ్చేవి. హనుమయ్య అవి అడ్డమని వేలితో నొక్కి తీసేసేవాడు.

పక్కింటావిడ రేకుల దగ్గర నిలబడి నాలుగు మాటలు అన్నాక సరోజిని ఇక ఒప్పుకోలేదు. ఇంకొక్కసారి, ఊరి బయట, మనుషులు లేని చోట ఎగరేసి చూడమంది. నాలుగోసారీ పడితే అటక మీద పెట్టేస్తానంది. ఆమె అటక మీద పెట్టిన వస్తువు దిగి రావటం ఆ ఇంట్లో ఇంతవరకూ జరగలేదు.

ఆ నాలుగోసారి ఈ రోజు. పొద్దున గంపలగూడెంలో పెళ్ళి, సాయంత్రం ఖాళీ. రేపటి నుంచి వరసగా పది రోజులు ముహూర్తాలు. పైగా ఈ సాయంత్రం ఇద్దరూ కలిసి పడిన ఫోటో ఒకటి పంపిస్తానని ఆయన పూజితకు మాటిచ్చాడు. ఫోటో సంగతి సరోజినిది. ఆమెకు ఆ ఫోటో కావాలి. ఎందుకు కావాలో చెబితే గానీ హనుమయ్య బతుకు అర్థం కాదు.

తిరువూరు చుట్టుపక్కల వేలమంది పెళ్ళి ఫోటోల్లో ఆయన పట్టిన వెలుగు ఉంది, ఆయన లేడు. అక్కడక్కడా ఒక మోచెయ్యి, ఒక నీడ. ఆయన సొంత పెళ్ళికి రీలు సగంలో ఇరుక్కుపోయి ఒక్క ఫోటో కూడా రాలేదు. పూజిత పెళ్ళికి వేరేవాళ్ళు లైటు పడితే పిల్ల ముఖం మీద నీడలు పడతాయని తనే పట్టుకున్నాడు. కన్యాదానానికి మాత్రం తండ్రి పీటల మీద కూర్చోక తప్పదు కదా, ఆ పావుగంట చుట్టాలబ్బాయి ఒకడికి లైటు ఇచ్చాడు. వాడు పందిట్లో వచ్చేపోయే ఆడపిల్లల్ని చూస్తూ దాన్ని ఎటో తిప్పాడు. ఆల్బంలో కాళ్ళు కడిగే పళ్ళెం కనిపిస్తుంది, తడిసిన చేతులు కనిపిస్తాయి. పై భాగమంతా చీకటి. ఇక ఆధార్ కార్డు ఫోటో అంటారా, అందులో ఉన్నది ఎవరైనా కావచ్చు.

"ఊరందరి ముఖాల మీదా వెలుగేశారు, మీ ముఖం మీద తప్ప" అని సరోజిని ఏడాదికి ఒకసారైనా అంటుంది. ఆ ఒక్కసారి మాత్రం ఆమె గొంతులో వేళాకోళం ఉండదు.

హనుమయ్య లైటును సంచిలో పెట్టి, డ్రోనును తువ్వాల్లో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాడు. పెళ్ళికి డ్రోను ఎందుకండీ అని సరోజిని అడిగితే, డానీ వస్తాడు, వాడికి చూపించి ఎక్కడ తప్పుతోందో అడుగుతానన్నాడు. సెంటర్లో షేర్ ఆటో ఎక్కాడు. లైటు సంచి కాళ్ళ దగ్గర, డ్రోను సంచి ఒళ్ళో. దారి పొడవునా మామిడితోటలు పిందెలతో ఉన్నాయి. ప్రతి తోటనూ ఆయన పైనుంచి ఎలా కనిపిస్తుందా అనే చూశాడు.

గంపలగూడెంలో ముహూర్తం పది నలభైకి. జీలకర్రా బెల్లం వేళకు హనుమయ్య ఎప్పటిలాగే అడ్డుతెరకు ఎడమ పక్కన నిలబడ్డాడు. అక్కడ నిలబడితే తెర దించగానే పెళ్ళికూతురి కళ్ళల్లో ముందు వెలుగు పడుతుంది. తాళి కట్టేటప్పుడు కర్రను మూరెడు పైకెత్తాడు, పెళ్ళికొడుకు చేతుల నీడ సూత్రాల మీద పడకుండా. అప్పగింతల్లో పెళ్ళికూతురు ఏడుపు ఆపుకోలేకపోయేసరికి లైటును రెండు జానెలు పక్కకు తిప్పాడు. ఈ సంగతి ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ గమనించనూ లేదు. ఏడ్చే ముఖం మీద అంత వెలుగు వేయటం మర్యాద కాదని మొదటి ఏడాదే ఆయనకు తోచింది, అంతే.

భోజనాల వేళ డానీ పందిరి వెనక ఖాళీ స్థలంలో తన డ్రోను దించుకుంటుంటే హనుమయ్య వెళ్ళి పక్కన నిలబడ్డాడు. సంచి విప్పి, తువ్వాలు విప్పి, బిడ్డను చూపించినట్టు చూపించాడు. మూడుసార్లూ ఎలా పడిందో వరసగా చెప్పాడు. డానీ రెక్కలు తిప్పి చూశాడు, బాగున్నాయన్నాడు. కాళ్ళు చూశాడు, బాగున్నాయన్నాడు. తర్వాత తిరగేశాడు. మీసాల కింద నవ్వు ఆపుకుంటున్నాడని హనుమయ్యకు తెలిసింది.

"అంకుల్, ఇవి దీని కళ్ళు" అన్నాడు డానీ. "కింద నేలని వీటితోనే చూసుకుంటది. మీరు మూడు వారాల నుంచి కళ్ళకి గంతలు కట్టి ఎగరేస్తున్నారు."

ముప్పై రెండేళ్ళుగా పొద్దున లేస్తే గాజు తుడిచే మనిషి తను. రోజూ చేతిలో పట్టుకుని, రోజూ కళ్ళారా చూస్తూ, ఆ రెండు గాజుల్ని వదిలేసి చుట్టూ తుడిచాడు. సిగ్గేసింది, ఆ వెంటనే పట్టలేనంత సంతోషమేసింది. తప్పు తన చేతుల్లో లేదు, డ్రోనులో లేదు, రెండు పసుపు బొట్లలో ఉంది. అంటే ఈ సాయంత్రం అది ఎగురుతుంది. తువ్వాలు కొస తడిపి, వేలికి చుట్టుకుని, లైటు అద్దం తుడిచే తీరులోనే గుండ్రంగా తుడిచాడు. మూడు వారాల పసుపు ఎండి గట్టిపడి మెల్లగా వదిలింది. కింద నుంచి రెండు నల్లటి చిన్న కళ్ళు బయటపడి తళతళలాడాయి.

డానీ అక్కడే నేల మీద కూర్చుని ఓపిగ్గా పాఠం చెప్పాడు. చదునైన చోట పెట్టి లేపాలి. తెర మీద శాటిలైట్ల లెక్క పది దాటేదాకా ఆగాలి. కరెంటు తీగలు, గద్దలు చూసుకోవాలి. కంటికి కనిపించేంత దూరమే పంపాలి. ఇంగ్లీషులో ఏ పట్టీ వచ్చినా తీసేయకుండా ఎవరి చేతనైనా చదివించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెప్పాడు.

"కంగారు పుడితే రిమోటు మీద తిప్పే ఈ రెండు పుల్లలూ వదిలెయ్యండి. రెండు చేతులూ తీసెయ్యండి. కళ్ళు బాగుంటే అదే నిలబడతది."

హనుమయ్య ఆ మాటను మంత్రంలా లోపల అనుకుంటూ ఉండగానే శశాంక్ వచ్చాడు. శశాంక్ మంచివాడే. హనుమయ్యను బాబాయ్ అని పిలుస్తాడు. కొత్త కెమెరాలు వస్తున్నాయనీ, అవి చీకట్లో కూడా చూస్తాయనీ, వచ్చే సీజను నుంచి లైటు అక్కర్లేదేమోననీ నెమ్మదిగా చెప్పాడు. మీకూ చెయ్యి నొప్పి కదా బాబాయ్, విశ్రాంతి తీసుకోండన్నాడు. హనుమయ్యకు బాధ కలిగింది. కలగలేదంటే అబద్ధం. ఆ లైటు కర్ర అరిగిన చోట తన అరచేయి గుర్తు ఉంది. కానీ మనిషి మనసు చిత్రమైనది; ఆ బాధ పూర్తిగా లోపలికి దిగకముందే, సీజను అయిపోతే రోజూ సాయంత్రం ఎగరేసుకోవచ్చు కదా అనే ఆలోచన వచ్చి పక్కన కూర్చుంది. సరే బాబూ అన్నాడు. తర్వాత, ఈ రోజు నన్ను నాలుగింటికల్లా వదిలెయ్యి, పనుందన్నాడు. ముప్పై రెండేళ్ళలో ఆయన అలా అడగటం ఎవరూ వినలేదు. శశాంక్ తన బండి మీద తనే తీసుకొచ్చి ఇంటి దగ్గర దింపాడు.

సరోజినికి బొట్ల సంగతి చెప్పకూడదనుకున్నాడు. డానీ ఏదో సెట్టింగు మార్చాడని చెబుదామని దారంతా మాట కూర్చుకున్నాడు. కానీ ఆమె సంచిలోంచి డ్రోను తీయగానే తిరగేసి చూసింది.

"బొట్లేవి?"

చెప్పక తప్పలేదు. నేలని చూసుకునే కళ్ళటే అవి, అని చెప్పి, వెంటనే, నీకేం తెలుసు, నాకు మాత్రం తెలుసా అని కలిపాడు. సరోజిని చాలాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. ఆమె ముఖం చిన్నబోయింది. తను ఇంత భక్తిగా చేసిన పనే దాన్ని మూడుసార్లు పడేసిందన్నమాట. హనుమయ్య ఏదో అనబోయేలోపు ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని వంగి చూస్తే నవ్వుతోంది.

"పాపం, గుడ్డిదాన్ని పట్టుకుని కేకలేశాను కదండీ, వడియాల మీద పడ్డందుకు" అంది. తర్వాత ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అయినా బొట్టు లేకుండా బయటికి తీయటానికి ఆమె ససేమిరా అంది. ఎక్కడ పెట్టమంటారో మీరే చూపించండంది. హనుమయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, గాలి చీలికలు లేని చోటు చూసి, వీపు మీద గోరంత జాగా చూపించాడు. ఆమె అక్కడ ఆవగింజంత కుంకుమ పెట్టింది.

ఊరి బయట, గంపలగూడెం రోడ్డు పక్కన, తెలిసినవాళ్ళ చేను ఉంది. పత్తికట్టె పీకేసి ఖాళీగా ఉంది. ఒక పక్క మామిడితోట, ఇంకో పక్క బోరు గది, కరెంటు తీగలు దూరంగా రోడ్డు వెంట. ఐదు కావస్తోంది. ఎండ వంగి, తగిలిన ప్రతిదాన్నీ తేనె రంగులోకి మారుస్తోంది. ఈ వేళ వెలుగు ఎంత మెత్తగా ఉంటుందో హనుమయ్యకు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. దాన్ని పట్టుకోవటానికి కర్ర అక్కర్లేదు.

చదును కోసమని సరోజిని ఇంటి నుంచి కూర తరుక్కునే పీట చంకలో పెట్టుకుని తెచ్చింది. దాన్ని చేలో మట్టి సర్ది వేశారు. హనుమయ్య డ్రోనును పీట మీద పెట్టి, కాళ్ళు విప్పి, రిమోటుకు ఫోను తగిలించాడు. శాటిలైట్లు ఆరు. ఏడు. ఏడు దగ్గర ఆగిపోయింది. ఆయన కింది పెదవి కొరుక్కున్నాడు. సరోజిని చుట్టుపక్కల గద్దలున్నాయేమోనని కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా వెతికింది. తొమ్మిది. పదకొండు.

పుల్లలు రెండూ లోపలికి వంచాడు. రెక్కలు జుయ్యిమన్నాయి. ఎడమ పుల్లను కొంచెం పైకి తోశాడు. డ్రోను పీట మీద నుంచి లేచి, ఆయన ఛాతీ ఎత్తుకు వచ్చి, అక్కడ ఆగింది.

జరగలేదు. ఊగలేదు. కనిపించని మేకుకు తగిలించినట్టు గాల్లో నిలబడింది.

హనుమయ్య దాని కిందికి వంగి చూశాడు. రెండు నల్లటి కళ్ళూ నేలనే చూస్తున్నాయి. చూస్తోందే, చూస్తోందే అని ఆయన గొణిగాడు. తర్వాత పైకి పంపాడు. పది అడుగులు, ఇరవై, నలభై. ఫోను తెరలో చేను చిన్నదయింది. దుక్కి గీతలు దువ్వెనతో గీసినట్టు కనిపించాయి. మామిడితోట గుండ్రటి తలలతో, వరసలు వరసలుగా, లేత పిందెలతో విచ్చుకుంది. ఎన్నేళ్ళుగానో పక్కనుంచి చూసిన తోట అది. వరసలు ఇంత తిన్నగా ఉన్నాయని ఆయనకు తెలియదు. రోడ్డు మీద విజయవాడ బస్సు అగ్గిపెట్టెలా జరిగి వెళ్ళింది. ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నాడు, నవ్వుతున్నట్టు ఆయనకు తెలియదు. ఇంతకాలం ఒకరు చూసేదానికి ఆయన వెలుగు పట్టాడు. ఇప్పుడు ఏది చూడాలో తన వేలితో తనే నిర్ణయిస్తున్నాడు.

కెమెరాను కిందికి వంచాడు. చేను మధ్యలో ఒక పీట, ఒక ఆకుపచ్చ చీర, దాని పక్కన నడినెత్తిన పళ్ళెమంత బట్టతలతో ఒక మనిషి.

"ఆ బట్టతల ఎవరిదే?" అని అడిగాడు నిజంగానే.

"ఇంకెవరికుందిక్కడ?" అంది సరోజిని. ఆ తర్వాత, "వీడియో నొక్కారా? నొక్కితే తల ఎత్తండి. ముఖం పడాలి నాకు" అంది.

తల ఎత్తండి, ఇటు చూడండి, కొంచెం నవ్వండి. ఈ మాటలు ఎందరికి చెప్పగా విన్నాడో. తనకు ఎవరూ చెప్పలేదు. వీడియో నొక్కాడు. ఎర్రచుక్క వెలిగింది. రిమోటు మెడలో వేలాడేలా తాడు సర్దుకుని, డానీ మాట గుర్తు చేసుకుని, పుల్లల మీది నుంచి వేళ్ళు తీసేశాడు. మొదట ఒక చెయ్యి. తర్వాత రెండోది. డ్రోను కదలలేదు. నలభై అడుగుల ఎత్తున వాళ్ళిద్దరికీ సూటిగా నిలబడి ఉంది. హనుమయ్య తల ఎత్తి, రెండు చేతులూ పైకెత్తి, గట్టిగా నవ్వాడు. వంగిన సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. వెలుగంతా వచ్చి ఆయన ముఖం మీద పడింది. సరోజిని పైకి చూడాల్సింది మానేసి ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది.

మూడు బ్యాటరీలూ అయిపోయేదాకా ఎగరేశారు. మూడుసార్లూ అది పిట్ట వాలినట్టు వచ్చి పీట మీద దిగింది. మూడోసారి సరోజినే దించే మీట నొక్కింది. నొక్కి, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుని, అది దిగాక చప్పట్లు కొట్టింది. ఇక అటక మాట రాలేదు.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరి వీడియో పంపించారు. పూజిత వెంటనే ఫోను చేసింది. అమ్మా, నాన్న నవ్వుతుంటే పళ్ళు ఇంత బాగుంటాయని నాకిప్పుడే తెలిసిందంది. హనుమయ్య ఫోను లాక్కుని తోట సంగతి, బస్సు సంగతి, బట్టతల సంగతి మొత్తం చెప్పాడు. సీజను అయ్యాక తోటలన్నీ తిరుగుతాననీ, కోతలప్పుడు రెడ్డిగూడెం వెళ్తాననీ, ఆదివారం నువ్వు వస్తే నీకూ నేర్పుతాననీ అన్నాడు. లైటు అక్కర్లేదన్న మాట కూతురికి చెప్పలేదు. దాచాలని కాదు, గుర్తు రాలేదు. పెరుగన్నం తిని, ఎడమ చేతికి నూనె రాయించుకుని, రెండు రకాల బ్యాటరీలనూ ప్లగ్గుబోర్డుకు తగిలించి పడుకున్నాడు.

మర్నాడు తెల్లవారింది గానీ లైటు అద్దం ఎవరూ తుడవలేదు. సరోజిని కాఫీ తెచ్చి రెండుసార్లు పిలిచింది. బ్యాటరీల దీపాలన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. గుండె నిద్రలోనే ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

పెద్దకర్మకు ఫోటో కావాల్సి వచ్చింది. శశాంక్ స్టూడియోలోని ముప్పై రెండేళ్ళ పెళ్ళిళ్ళూ రెండు రోజులు కూర్చుని వెతికాడు. మోచేతులు దొరికాయి. పందిరి గుడ్డ మీద పొడుగాటి నీడ దొరికింది. ముఖం దొరకలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళకుండా ఆ కుర్చీలోనే కూర్చుని ఏడ్చానని తర్వాత సరోజినితో చెప్పాడు. చివరికి పూజిత తన ఫోనులోంచి డ్రోను వీడియో ఇచ్చింది. అందులోంచి ఒక్క బొమ్మ తీసి పెద్దది చేశాడు. కోటు వేసి, వెనక నీలం తెర పెట్టమంటారా అని అడిగాడు. అందరికీ అలాగే చేస్తారు. సరోజిని వద్దంది. మట్టి ఉండనీ, నవ్వు ఉండనీ అంది. పోయినవాళ్ళ ఫోటోలో బతికున్నవాళ్ళు ఉండకూడదు గనక ఆమెను మాత్రం కత్తిరించాడు. కత్తిరించినా దుక్కి మీద పొడుగ్గా పడిన ఆమె నీడ ఆయన కాళ్ళ పక్కన మిగిలిపోయింది. దాన్నీ చెరిపేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు.

ఇప్పుడు ముందుగదిలో ఆ ఫోటో ఉంది. తల ఎత్తి, చేతులెత్తి, చూసేవాళ్ళను చూసి నవ్వుతున్న మనిషి. ముఖం నిండా వెలుగు. పొద్దున్నే సరోజిని ఫోటోకు బొట్టు పెడుతుంది. తర్వాత పాత పంచె గుడ్డ కొస తడిపి వేలికి చుట్టుకుంటుంది. ఫోటో కింద కూర తరుక్కునే పీట, పీట మీద నాలుగు కాళ్ళూ విప్పుకుని డ్రోను, వీపు మీద ఆవగింజంత కుంకుమ, కింద మచ్చ లేకుండా తుడిచిన రెండు నల్లటి కళ్ళు.